ఒప్పుకోని మాటను ఎక్కడ రాస్తున్నాం?

(పొదుపు సంఘాలు, నీటి సంఘాలు, అపార్ట్‌మెంట్ సంఘాల బాధ్యులు విజయవాడలో కలిసి కూర్చున్న ఒక సాయంత్రం చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డు విని రాశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం, మిగిలినదంతా మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. ఎండ ఇంకా చల్లారలేదు, అయినా ఇంతమంది వచ్చారు. తెనాలి నుంచి, మంగళగిరి నుంచి, కంకిపాడు నుంచి బస్సుల్లో వచ్చినవారు ఉన్నారని ఇప్పుడే చెప్పారు. ఆఖరి బస్సు అందుకోవలసినవారు మధ్యలో లేచి వెళ్లండి, నేను ఏమీ అనుకోను. వెనక కూర్చున్న అమ్మలకు నా మాట వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యి ఎత్తండి.

ఒక్క మాట పట్టుకుని మొదలుపెడతాను. ఏకగ్రీవం. ఈ మాట రాయని సంఘం ఈ గదిలో ఒక్కటైనా ఉందా? ముప్పై ఏళ్లుగా సంఘాల తీర్మానాల పుస్తకాలు రాయడం, రాయించడం, తనిఖీ చేయడం నా పని. "పై విషయమును సభ్యులందరూ కూలంకషముగా చర్చించి ఏకగ్రీవముగా తీర్మానించడమైనది." ఈ వాక్యాన్ని నేను ఎన్ని వందల సార్లు చదివానో, ఎన్ని సార్లు నా చేత్తో రాశానో లెక్కలేదు.

గ్రీవం అంటే ఏమిటి? మెడ. రావణుణ్ని దశగ్రీవుడు అంటారు, పది మెడలవాడు కనుక. ఏకగ్రీవం అంటే ఒక్కటే మెడ. నలభై మంది కూర్చున్న చోట ఒక్కటే మెడ! ఆ మాట ఎప్పుడైనా ఇలా విన్నారా? నలభై మందికి నలభై మెడలు ఉంటాయి. అవి అటూ తిరుగుతాయి, ఇటూ తిరుగుతాయి. కొన్ని అడ్డంగా ఊగుతాయి. ఆ ఊపు పుస్తకంలోకి ఎక్కిందా లేదా అన్నదే ఈ రోజు నేను మాట్లాడదలచుకున్న విషయం. మిగిలినదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ముందు ఒక ఊరి సంగతి చెబుతాను. ఊరి పేరు చెప్పను. గుంటూరు జిల్లాలో మిర్చి పండే ఊరు. చాలా ఏళ్ల కిందటి మాట. అక్కడి మహిళా సంఘాలన్నీ కలిసి ఒక ఆలోచన చేశాయి. సభ్యుల ఇళ్లలో పండిన కాయను కోత కాలంలో తక్కువ ధరకు అమ్ముకోకుండా అంతా ఒకచోట చేర్చి, శీతల గిడ్డంగిలో పెట్టి, శ్రావణంలో ధర వచ్చినప్పుడు అమ్మాలని. మంచి ఆలోచనే. అప్పు కూడా దొరికింది. బడి వరండాలో సమావేశం పెట్టారు. పొద్దు గూకే వేళ. అందరూ పనుల నుంచి నేరుగా వచ్చారు, చేతులకు ఇంకా కారం ఘాటు ఉంది. లారీ మాట్లాడారు, తెల్లవారి వస్తుంది.

అధ్యక్షురాలు విషయం చెప్పింది. అందరూ బాగుందన్నారు. అప్పుడు స్తంభం పక్కన కూర్చున్న ఒకామె, "అక్కా, కాయ ఇంకా ఆరలేదు. ఇంకో నాలుగు రోజులు కల్లంలో ఉంచుదాం" అంది. ఆమెకు సెంటు భూమి లేదు. ఏటా మిర్చి సీజనంతా కాయలకు తొడిమలు తీసే కూలికి వెళుతుంది. అంటే ఆ ఊళ్లో రోజూ అందరికంటే ఎక్కువ కాయలు పట్టుకునే చెయ్యి ఆమెది. "చేత్తో పట్టి ఊపితే గలగలమనాలక్కా, గింజ మోగాలి. ఇది మోగడం లేదు" అంది. నాకు ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

ఎవరో వెనక నుంచి అడిగారు: "నీవి ఎన్ని టిక్కీలు ఉన్నాయి?"

అంతే. ఆమె ఇంకేమీ మాట్లాడలేదు. టిక్కీ అంటే మిర్చి బస్తా. ఆమెవి ఒక్క టిక్కీ కూడా లేవని అందరికీ తెలుసు. అడిగినవారూ చెడ్డవారు కాదు, తొందరలో ఉన్నారు. లారీ తెల్లవారి వస్తుంది కదా. సమావేశం పావుగంటలో అయిపోయింది. పుస్తకం నా ఒళ్లో ఉంది. నేను రాశాను: ఏకగ్రీవముగా తీర్మానించడమైనది. పుస్తకం చేతులు మారుతూ వెళ్లింది. ఆమె కూడా సంతకం పెట్టింది. మెల్లగా, ఒక్కో అక్షరం దిద్దినట్టు పెట్టింది.

శ్రావణంలో టిక్కీలు విప్పితే చాలావాటిలో కాయ తెల్లబడింది. కొన్నిటి లోపల బూజు. తాలు ధరకు, అంటే రంగు పోయిన నాసి కాయ ధరకు కట్టారు. అప్పు తీర్చడానికి ఆ సంఘాలకు రెండేళ్లకు పైగా పట్టింది. ఈ నష్టానికి కారణం ఎవరు? అధ్యక్షురాలా? గిడ్డంగివారా? కాయను చేత్తో పట్టి చూసి చెప్పిన మనిషి ఆ వరండాలోనే ఉంది. మాటా చెప్పింది. కావలసిన సమాచారం సభలోనే ఉంది, సభ దాన్ని తీసుకోలేదు. పుస్తకంలో ఆ మాట జాడే లేకుండా చేసింది నా చెయ్యి. అందుకే ఈ విషయం గురించి మాట్లాడేటప్పుడు నేను పైన నిలబడి మాట్లాడలేను.

సభలో మనిషి ఎందుకు నోరు మూసుకుంటాడు? భయం ఒక్కటే కారణమా? అమెరికాలో సాలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1950ల తొలినాళ్లలో ఒక ప్రయోగం చేశాడు. చాలా చిన్న ప్రయోగం, మన బడిలో కూడా చేయవచ్చు. ఒక గీత చూపిస్తారు. పక్కన మూడు గీతలు. ఆ మూడింటిలో ఏది మొదటి గీతంత పొడవు ఉందో చెప్పాలి. చిన్న పిల్లలు కూడా చెప్పగలరు. గదిలో ఏడెనిమిది మంది ఉంటారు, కానీ అందులో ఒక్కడే నిజంగా పరీక్షకు వచ్చినవాడు. మిగిలినవారంతా ముందే చెప్పి పెట్టిన మనుషులు. వాళ్లు వరుసగా, నిబ్బరంగా, తప్పు గీతను చూపిస్తారు. వంతు ఇతని దగ్గరికి వస్తుంది. ఏం చేస్తాడు?

ఇంచుమించు మూడింట ఒక వంతు సమాధానాల్లో మనుషులు తమ కళ్లను పక్కన పెట్టి గుంపు చెప్పిందే చెప్పారు. పరీక్షకు కూర్చున్న ప్రతి నలుగురిలో ముగ్గురు కనీసం ఒక్కసారైనా అలా లొంగిపోయారు. వాళ్లకు అప్పు లేదు, లారీ లేదు, ఊరు లేదు, అవతలివారు బంధువులు కారు. అయినా లొంగిపోయారు. మనవాళ్లు దీన్ని ఎప్పుడో ఒక్క ముక్కలో చెప్పారు: నలుగురితో నారాయణ, గుంపులో గోవింద.

ఆష్ అక్కడితో ఆగలేదు, ఆ తరువాత చేసినదే మనకు ముఖ్యం. ఆ గుంపులో ఒక్క మనిషిని మార్చాడు. అందరూ తప్పు చెబుతుంటే అతనొక్కడు నిజం చెబుతాడు. ఆ ఒక్క గొంతు వినిపించేసరికి తప్పులు నాలుగో వంతుకు పడిపోయాయి. ఇంకా విచిత్రం చెబుతాను, వినండి. ఆ ఒక్కడు నిజం చెప్పక్కరలేదు. గుంపు చెప్పినదానికంటే పెద్ద తప్పు చెప్పినా సరే, గుంపుతో విభేదించాడు కనుక, పరీక్షకు వచ్చినవాడికి తన కళ్లతో తాను చూసే ధైర్యం వచ్చింది. ఒప్పుకోనివాడు తప్పు చెప్పినా సభకు మేలు చేస్తాడు! నేను ఇది మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. ఆ వరండాలో ఇంకొక్క మనిషి, "ఉండండి, ఆమె చెప్పేది వినండి" అని ఉంటే? ఆ ఒక్క మనిషిని నేనే అయి ఉంటే?

మౌనం అర్ధాంగీకారం అంటారు కదా. మనం దాన్ని పూర్తి అంగీకారంగా వాడుకుంటున్నాం. సామెత ఏమంటోంది? అర్ధం. సగం. మిగిలిన సగం ఎక్కడుందో వెతకవలసిన పని సభ నడిపేవారిది.

ఇక ఈ వెతికే పద్ధతి ఎక్కడి నుంచో తెచ్చుకోవాలా? లేదండి. ఇక్కడికి దగ్గరే. మీలో భట్టిప్రోలు చూసినవారు ఎంతమంది? అక్కడి బౌద్ధ స్తూపంలో ధాతువులు, అంటే బుద్ధుడి అవశేషాలు, పెట్టిన రాతి పేటికలు దొరికాయి. రెండు వేల ఏళ్లకు పైబడినవి. వాటి మీద అక్షరాలు ఉన్నాయి. మన ప్రాంతంలో దొరికిన అతి పాత రాతల్లో అవి కొన్ని. ఏం రాసి ఉంది? కుబీరకుడనే రాజు పేరు ఉంది. దానితో పాటు గోష్ఠి అన్న మాట ఉంది, నిగమం అన్న మాట ఉంది, ఆ సభ్యుల పేర్లు వరుసగా ఉన్నాయి. గోష్ఠి అంటే సంఘం. నిగమం అంటే పట్టణంలోని వర్తకుల సభ. ఈ నేల మీద మొట్టమొదట చెక్కిన అక్షరాల్లో ఒక సంఘం సభ్యుల జాబితా ఉంది! మీరు ప్రతి నెలా హాజరు పట్టీ రాస్తారే, దానికి అంత పాత చరిత్ర ఉంది.

ఆ స్తూపాల చుట్టూ బతికిన భిక్షు సంఘానికి సభ నడిపే నియమాలు ఉండేవి. భిక్షువుల నియమాల గ్రంథమైన వినయ పిటకంలో వివరంగా ఉన్నాయి. కోరం ఉండేది. మామూలు పనులకు కనీసం నలుగురు, కొన్నిటికి ఐదుగురు, కొన్నిటికి పదిమంది, మరికొన్నిటికి ఇరవై మంది. జబ్బుపడి రాలేని భిక్షువు తన సమ్మతిని ఇంకొకరితో చెప్పి పంపాలి. విషయాన్ని ముందు సభ ముందు పెట్టాలి, దాన్ని ఞత్తి అంటారు. మన భాషలో ప్రతిపాదన. ముఖ్యమైన విషయమైతే ప్రతిపాదన తరువాత మూడుసార్లు అడగాలి. ఒకసారి కాదు, మూడుసార్లు. ఏమని అడగాలి? "ఎవరికి ఇది సమ్మతమో వారు మౌనంగా ఉండండి. ఎవరికి సమ్మతం కాదో వారు మాట్లాడండి."

ఈ వాక్యాన్ని జాగ్రత్తగా చూడండి. మనం ఎలా అడుగుతాం? "అందరికీ ఇష్టమే కదా?" అని. ఇష్టమే కదా అని అడిగితే లేదనడానికి ఎంత గుండె కావాలి! వాళ్లు ఎలా అడిగారు? సమ్మతం ఉన్నవాడిని మౌనంగా ఉండమన్నారు, లేనివాడిని మాట్లాడమన్నారు. సభలో నోరు తెరిచే హక్కు ముందుగా ఎవరికి ఇచ్చారు? కాదనేవాడికి. పైగా మూడుసార్లు ఇచ్చారు. మొదటిసారి అడిగినప్పుడు మనిషి తటపటాయిస్తాడు, రెండోసారి పక్కవాడి ముఖం చూస్తాడు, మూడోసారికి నోరు తెరుస్తాడు. ఇది నేను మన సంఘాల్లో చేయించి చూశాను. మూడోసారే మాట బయటికి వస్తుంది. అడిగి వెంటనే తరువాతి అంశానికి వెళ్లిపోకూడదు, కొంచెం ఆగాలి. ఆ నిశ్శబ్దం నడిపేవారికి కష్టంగానే ఉంటుంది. ఓర్చుకోవాలి.

ఏకాభిప్రాయం కుదరకపోతే? వాళ్లకూ కుదరని రోజులు ఉన్నాయి. మాటలు అంతూపొంతూ లేకుండా సాగుతుంటే ఆ విషయాన్ని తెలిసిన కొద్దిమందికి అప్పగించేవారు. ఇప్పుడు మనం ఉపసంఘం అంటున్నాం. అక్కడా తేలకపోతే ఓటు. రంగు రంగుల పుల్లలు, శలాకలు పంచేవారు. ఏ పుల్ల ఏ పక్షమో ముందే చెప్పేవారు. రహస్యంగా తీసుకోవచ్చు, చెవిలో చెప్పి తీసుకోవచ్చు, అందరి ఎదుటా తీసుకోవచ్చు. పుల్లలు పంచేవాడు ఎలాంటివాడై ఉండాలి? ఇష్టానికీ, ద్వేషానికీ, మోహానికీ, భయానికీ లొంగనివాడై ఉండాలి. సంఘం ఎంచుకున్న మనిషై ఉండాలి. మన ఎన్నికల అధికారులకు ఇంతకంటే మంచి ప్రమాణం ఉంటుందా?

అన్నీ మెచ్చుకుని ఊరుకోను. అందులో నాకు ఒప్పుకోలేని నియమం ఒకటి ఉంది. రహస్య ఓటులో ధర్మానికి విరుద్ధమైన పక్షానికి ఎక్కువ పుల్లలు వచ్చాయని పంచినవాడికి తెలిస్తే, ఓటు సరిగా జరగలేదని దాన్ని పక్కన పెట్టవచ్చు. ధర్మం ఏదో ముందే తేలిపోయిందని నమ్మే సంఘానికి అది సబబుగా తోచి ఉంటుంది. మనకు పనికిరాదు. ఫలితం నచ్చకపోతే లెక్క రద్దు చేసే అధికారం ఎవరి చేతిలోనూ ఉండకూడదు, ఎంత మంచివారైనా సరే.

ఈ భిక్షు సంఘాల సంగతి పెద్ద సభలో గుర్తుచేసినవారు డాక్టర్ అంబేద్కర్. 1949 నవంబర్ 25న, రాజ్యాంగ సభలో ఆయన ముగింపు ప్రసంగంలో. ప్రతిపాదనలు, తీర్మానాలు, కోరం, ఓట్ల లెక్క, రహస్య ఓటు, అభిశంసన, ఇవన్నీ ఆ సంఘాలకు తెలుసునని చెప్పారు. మనకు ప్రజాస్వామ్యం కొత్త కాదన్నారు. అయితే దాన్ని ఒకసారి పోగొట్టుకున్నామనీ, మళ్లీ పోగొట్టుకుంటామా అనీ అడిగారు.

అదే ప్రసంగంలో ఆయన చేసిన ఇంకొక పని గురించి మనం తక్కువగా మాట్లాడుకుంటాం. తనను కాదన్నవారికి పేరు పేరునా ధన్యవాదాలు చెప్పారు. ఆ సభ 2 ఏళ్ల 11 నెలల 17 రోజులు పనిచేసింది. ముసాయిదాకు 7,635 సవరణలు వచ్చాయి. అందులో 2,473 సవరణలను సభలో ప్రవేశపెట్టి చర్చించారు. పార్టీ క్రమశిక్షణకు అందరూ కట్టుబడి కూర్చుని ఉంటే ఈ సభ తలలూపేవారి గుంపుగా మిగిలేదనీ, అదృష్టవశాత్తూ కొందరు తిరగబడ్డారనీ ఆయన అన్నారు. కామత్, కె.టి. షా, కుంజ్రూ, ఇంకా కొందరి పేర్లు చెప్పారు. వారి సూచనలను తాను ఒప్పుకోకపోయినా వాటి విలువ తగ్గదని చెప్పారు.

ఆ కామత్ ఏం చేశారో కొంచెం దగ్గరగా చూద్దాం. ఆ ప్రసంగానికి ఐదు వారాలకు పైగా ముందు, 1949 అక్టోబర్ 17న, సభలో పీఠిక చర్చకు వచ్చింది. "భారత ప్రజలమైన మేము" అనే ముందు "భగవంతుని పేరిట" అని ఉండాలని హెచ్.వి. కామత్ సవరణ పెట్టారు. సభ ఇబ్బందిలో పడింది. దేవుణ్ని ఓటుకు పెట్టే పరిస్థితి మాకు తేవద్దని పూర్ణిమా బెనర్జీ వేడుకున్నారు. ఎవరి విశ్వాసం వారిది, దాన్ని అందరి మీద పెట్టడం సంకుచితమవుతుందని కుంజ్రూ అన్నారు. కామత్ వెనక్కి తగ్గలేదు. లెక్క తీయాలన్నారు. లెక్క తీశారు. అనుకూలం 41, వ్యతిరేకం 68. సవరణ వీగిపోయింది.

ఎంత సున్నితమైన విషయం అది! లోపాయికారీగా సర్ది చెప్పి, ఏకగ్రీవం అని రాసుకుని ఉంటే ఎంత సులువు? అలా చేయలేదు. ఓడిన 41 మంది లెక్క ఈ రోజుకీ కార్యవాహకాల్లో ఉంది. కామత్ లేచి వెళ్లిపోలేదు, సభలోనే ఉన్నారు. ముసాయిదా కమిటీ అధ్యక్షుడైన అంబేద్కర్ నలభై రోజులు తిరక్కుండా ఆయన పేరు చెప్పి దండం పెట్టినంత పని చేశారు. నాకు పీఠికలోని మాటలు ఎంత ఇష్టమో ఆ రెండు అంకెలు అంత ఇష్టం. 41, 68.

ఇక్కడ ఒక పెద్దాయన తల అడ్డంగా ఊపుతున్నారు. ఆయన మనసులో మాట నాకు తెలుసు: "ప్రతిదానికీ అడ్డం చెప్పేవాళ్లు ఉంటారు, వాళ్ల మాటలు వింటూ కూర్చుంటే పని ఎప్పుడు జరుగుతుంది?" న్యాయమైన ప్రశ్న. వినడం వేరు, ఆగిపోవడం వేరు. వినండి, రాయండి, ఓటు వేయండి, పని మొదలుపెట్టండి. కాదన్నవారు ఓడాక పనికి అడ్డం పడకూడదు. ఇది రెండు వైపులా ఉండే ఒప్పందం. నన్ను విన్నారు, నా మాట పుస్తకంలో ఉంది అన్న నమ్మకం ఉన్న మనిషే ఓడినా మర్నాడు పనికి వస్తాడు. వినకుండా ఓడించినవాడు రాడు. వచ్చినా చేతులు కట్టుకుని నిలబడతాడు.

ఏకగ్రీవం మీద మనకు ఎంత మోజంటే, ఏకగ్రీవంగా ఎన్నికైన పంచాయతీలకు ప్రభుత్వాలు డబ్బు కూడా ఇచ్చాయి. 2021లో మన రాష్ట్రంలో జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల రూపాయల వరకు ప్రోత్సాహకం ప్రకటించారు. ఊళ్లో గొడవలు ఉండకూడదన్న ఉద్దేశం మంచిదే కావచ్చు. నాకు మాత్రం ఏనాడూ నచ్చలేదు. పోటీ చేయాలనుకున్న ఒక ఎస్సీ మహిళను, ఒక కుర్రవాణ్ని కూర్చోబెట్టి, "నీ వల్ల ఊరికి లక్షలు పోతాయి" అని చెబితే వాళ్లు ఏమంటారు? కాదనే హక్కుకు ధర కట్టినట్టు కాదా?

ఇప్పుడు అపార్ట్‌మెంట్ల వారి కోసం ఒక చిన్న లెక్క. మీరు ఎక్కువమంది ఉన్నారు కనుక చెబుతాను. సంఘం దగ్గర ఒక్క పనికి సరిపడా డబ్బుంది. మూడు పనులు ఉన్నాయి: కొత్త బోరు, కెమెరాలు, లిఫ్టు మరమ్మతు. కింది అంతస్తులవారికి ముందు బోరు, తరువాత కెమెరాలు, ఆఖరున లిఫ్టు. మధ్య అంతస్తులవారికి ముందు కెమెరాలు, తరువాత లిఫ్టు, ఆఖరున బోరు. పై అంతస్తులవారికి ముందు లిఫ్టు, తరువాత బోరు, ఆఖరున కెమెరాలు. మూడు వర్గాలూ సమానం. సరే, రెండేసి పెట్టి ఓటు వేయండి. బోరుకూ కెమెరాలకూ పోటీ పెడితే బోరు గెలుస్తుంది. కెమెరాలకూ లిఫ్టుకూ పెడితే కెమెరాలు గెలుస్తాయి. లిఫ్టుకూ బోరుకూ పెడితే? లిఫ్టు గెలుస్తుంది! వేళ్ల మీద లెక్కపెట్టి చూడండి. ప్రతిసారీ మూడింట రెండు వంతుల మెజారిటీ. అయినా ఏ పని ఎక్కువమందికి కావాలో తేలదు. గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది.

ఫ్రాన్సులో కొండార్సే అనే గణితవేత్త 1785లోనే ఈ చిక్కును చూపించాడు. దీని అర్థం ఏమిటి? ఏ రెండింటికి ముందు పోటీ పెడతారో, దాన్ని బట్టి మూడింటిలో ఏదైనా గెలవవచ్చు. ముందు బోరు, కెమెరాలు పెడితే చివరికి లిఫ్టు. ముందు కెమెరాలు, లిఫ్టు పెడితే చివరికి బోరు. ముందు లిఫ్టు, బోరు పెడితే చివరికి కెమెరాలు. అంటే ఎజెండా రాసే చేతిలో ఎంత బలం ఉందో చూడండి. ఓట్లు నిజాయతీగానే వేశారు, లెక్కా సరిగానే ఉంది, అయినా ఫలితాన్ని నిర్ణయించినది అంశాల వరుస. కాబట్టి ఎజెండాను సమావేశానికి ముందే అందరికీ పంపండి. వరుస మీద అభ్యంతరం ఉంటే దాన్ని మొదటి అంశంగా తీసుకోండి. మెజారిటీ ఒక్కటే అన్నీ తేల్చదు, అందుకే ముందు మాట్లాడుకోవాలి. మధ్య అంతస్తులవారితో కాసేపు మాట్లాడితే, వేసవిలో నీళ్లు రాని ఇళ్ల కష్టం తెలిస్తే, వారే తమ వరుస మార్చుకోవచ్చు. ఓటు మనిషి ఇష్టాన్ని లెక్కపెడుతుంది. చర్చ ఒక్కటే దాన్ని మార్చగలదు.

చివరిగా మన ఇంటి సంగతి. 1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. బి.ఎన్. శర్మ అధ్యక్షులు. తెలుగువారికి ప్రత్యేక రాష్ట్రం కావాలన్న విషయం అక్కడ చర్చకు వచ్చింది. సభలో ఉత్సాహం పొంగుతోంది. ఓటు పెడితే ఆ పూటే నెగ్గేది. కానీ రాయలసీమ వంటి ప్రాంతాల నుంచి వచ్చినవారిలో సందేహాలు ఉన్నాయి. కోస్తావారి పెత్తనం కింద పడతామేమోనన్న భయం. అప్పుడు పెద్దలు ఏం చేశారు? ఆ తీర్మానాన్ని ఆ సభలో తోసుకుని పోలేదు. ముందు ప్రజాభిప్రాయం కూడగట్టాలని ఒక స్థాయీ సంఘాన్ని వేశారు. మన గుంటూరు కొండా వెంకటప్పయ్య గారు మరికొందరితో కలిసి జిల్లాలు తిరిగారు. ఒప్పుకోనివారి గడపలకు వెళ్లారు. మరుసటి ఏడు, 1914లో, ఇదే విజయవాడలో న్యాపతి సుబ్బారావు గారి అధ్యక్షతన జరిగిన రెండో మహాసభలో తీర్మానం నెగ్గింది. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టినది కూడా ఆ ఏడే, ఈ ఊళ్లోనే. ఎంత గొప్ప ఏడాది అది!

కథ అక్కడితో అయిపోయిందా? లేదు. నెగ్గినంత మాత్రాన భయం పోదు. 1937 నవంబర్ 16న మద్రాసులో, కాశీనాథుని నాగేశ్వరరావు గారి శ్రీబాగ్ ఇంట్లో, సీమవారూ కోస్తావారూ కూర్చుని ఒడంబడిక రాసుకున్నారు. ఆ కాగితం చదవండి. ప్రతి షరతు వెనకా ఒక భయం ఉంది. విశ్వవిద్యాలయ కేంద్రం అనంతపురంలోనూ ఉండాలి. నదీజలాల్లో సీమ అవసరాలకు ముందు చోటివ్వాలి. రాజధాని, హైకోర్టు, ఈ రెండింటిలో ఏది కావాలో సీమవారే కోరుకోవాలి. కాదన్నవారి మాట ఇరవై నాలుగేళ్ల తరువాత కాగితం మీదికి ఎక్కింది. అది ఎక్కాకే రెండు ప్రాంతాలూ కలిసి అడగగలిగాయి. 1953 అక్టోబర్ 1న రాష్ట్రం వచ్చినప్పుడు రాజధాని కర్నూలుకు, మరుసటి ఏడు హైకోర్టు గుంటూరుకు వెళ్లినది ఆ కాగితం వల్లే. ఆ కాగితంలో ఏ మాట ఎంతవరకు నెరవేరిందన్నది సీమవారు ఈ రోజుకీ అడుగుతారు. అడగాలి కూడా. రాసి ఉంది కనుకనే అడగగలుగుతున్నారు.

అందుకే నా వల్ల అయినంతలో ఒక చిన్న మార్పు పట్టుకుని తిరుగుతున్నాను. తీర్మానాల పుస్తకంలో ప్రతి తీర్మానం కింద రెండు గీతల జాగా వదలండి. "అభ్యంతరం చెప్పినవారు, చెప్పిన కారణం" అని రాయండి. ఎవరూ లేకపోతే, "మూడుసార్లు అడిగాం, ఎవరూ చెప్పలేదు" అని రాయండి. ఏకగ్రీవం అన్న మాట వాడకండి. పుస్తకం ఇంటింటికీ తిప్పి సంతకాలు చేయించకండి, అది సభ కాదు. అధ్యక్షులు తమ అభిప్రాయం ఆఖరున చెప్పండి. ముందు చెబితే మిగిలినవారు దాని వెనకే నడుస్తారు. భూమి లేనివారిని, కొత్తగా చేరినవారిని, అద్దెకు ఉన్నవారిని ముందు మాట్లాడనివ్వండి. నీటి సంఘాలవారు కాలువ చివరి రైతుతో మొదలుపెట్టండి. నీళ్లు ఎక్కడ ఆగాయో అతనికి తెలిసినట్టు తూము దగ్గరున్నవాడికి తెలియదు.

ఆ మిర్చి ఊరికి మరుసటి ఏడు మళ్లీ వెళ్లాను. అప్పు సంగతి మాట్లాడటానికి సమావేశం. అదే వరండా. ఈసారి నేను మూడుసార్లు అడిగాను. అంతా అయ్యాక ఆమె నా దగ్గరికి వచ్చి, "పాత పుస్తకం ఒకసారి ఇవ్వండమ్మా" అంది. పేజీలు తిప్పింది. తన సంతకం ఉన్న పేజీ వెతుక్కోవడానికి కొంతసేపు పట్టింది. కలం అడిగింది. రాసిపోయిన తీర్మానం మీద రాయకూడదని నిబంధన, నాకు తెలుసు. అయినా ఇచ్చాను. సంతకం కింద ఇరుకు జాగాలో, నెమ్మదిగా, రెండు వాక్యాలు రాసింది. "కాయ ఆరలేదు. నేను చెప్పాను." తేదీ కూడా వేసింది, ఆ రోజు తేదీ. అధ్యక్షురాలు పక్కన నిలబడి చూస్తోంది. ఆమె ఏమీ అనలేదు. పుస్తకం తీసుకుని, ఆ రెండు వాక్యాల పక్కన తానూ సంతకం పెట్టింది.

ఇక నేను కూర్చుంటాను. చర్చ మొదలుపెడదాం. మైకు ముందు వెనక వరుసకు ఇవ్వండి. నేను చెప్పినదాంట్లో ఒప్పుకోనివి ఉన్నవారు మొదట మాట్లాడండి. ఆ చివర కూర్చున్న అమ్మాయి రాసుకుంటుంది. తల ఊపిన పెద్దాయన ఉన్నారు కదా, బాబాయిగారూ, వెనక వరుస అయ్యాక మీ వంతు.